క్లాసు పెట్టించాం సరే, జనానికి ఎక్కిందో లేదో తెలిసేదెట్లా?

దిల్‌సుఖ్‌నగర్ వాసి:
మా అపార్ట్‌మెంట్‌లో 120 ఫ్లాట్లు. పోయిన నెల అసోసియేషన్ తరఫున పొదుపు, పెట్టుబడుల మీద క్లాసు పెట్టించాం. పది రోజులు తిరక్కుండానే మా పక్క ఫ్లాటాయన వాట్సాప్ గ్రూపులో ఎవరో చెప్పిన షేర్ల టిప్పు నమ్మి, వాళ్లు చెప్పిన ఖాతాకి రెండు లక్షలు పంపి పోగొట్టుకున్నాడు. క్లాసులో ముందు వరసలో కూర్చున్నది ఆయనే! అసలు ఎవరికెంత తెలుసో కొలవడానికి పద్ధతేమైనా ఉందా?

బ్యాంకు రిటైర్డ్:
ఉంది. లుసార్డి, మిచెల్ అనే ఇద్దరు ఆర్థికవేత్తల మూడు ప్రశ్నలు చాలా దేశాల్లో వాడతారు: వడ్డీ లెక్క, ధరలు పెరిగితే డబ్బు విలువ ఏమవుతుంది, ఉన్నదంతా ఒకే కంపెనీ షేర్లో పెట్టొచ్చా. మన దేశంలో 2019లో ఎన్‌సీఎఫ్ఈ, అంటే జాతీయ ఆర్థిక విద్యా కేంద్రం, సర్వే చేస్తే గట్టెక్కింది 27 శాతమే. అందులో డబ్బు విషయాలు ఎంత తెలుసన్నదాంతో పాటు అలవాట్లు, ఆలోచనా తీరు కూడా చూశారు.

చిట్టీల సరోజ:
ఆ ప్రశ్నలు ఉన్నవి ఉన్నట్టు దించకండి సార్. మా బస్తీలో వడ్డీని శాతాల్లో ఎవరూ మాట్లాడరు, "నూటికి రెండు రూపాయలు" అంటారు. అది నెలకి, అంటే ఏడాదికి 24 శాతం. ఇది చెబితే మా అమ్మ నోరెళ్లబెట్టింది, ముప్పై ఏళ్లుగా అప్పులిచ్చి పుచ్చుకున్న మనిషి! ఫ్లాట్ వడ్డీ ఇంకో మాయ, కడుతున్న కొద్దీ బాకీ తగ్గుతున్నా మొదట తీసుకున్న మొత్తం మీదే వడ్డీ వేస్తారు. లక్షకి 12 శాతం ఫ్లాట్ అని ఏడాదిలో నెలనెలా కట్టించుకుంటే నిజంగా పడే రేటు 21 శాతం దాటుతుంది. ఈ రెండూ అడగండి, ఎవరెక్కడున్నారో తేలిపోతుంది.

బ్యాంకు రిటైర్డ్:
బాగా చెప్పారమ్మా. దాంతోపాటు చేసిన పనులు అడగండి. ఖాతాకి నామినీ పెట్టారా, కట్టే చిట్టీ రిజిస్టరైందో లేదో చూశారా, ఆన్‌లైన్లో డబ్బు పోతే ఏ నంబరుకి చేయాలి. పేర్లు రాయించకండి, పరువు కోసం అబద్ధాలు రాస్తారు. ఆర్నెల్ల తర్వాత ఇవే మళ్లీ అడగండి, క్లాసు అయిన మర్నాడు మాత్రం వద్దు.

దిల్‌సుఖ్‌నగర్ వాసి:
ఆన్‌లైన్ మోసాలకి ఫోన్ చేయాల్సిన 1930 నంబరు సంగతి మా పక్కాయనకి తెలియదు, మూడో రోజు ఫోన్ చేశాడు, అప్పటికే డబ్బు ఖాతాలు మారిపోయింది. ఫారం ఈ ఆదివారం ఇంటింటికీ పంచుతాం. అన్నట్టు, వాచ్‌మన్లని, పనివాళ్లని అసలు క్లాసుకే పిలవలేదు మేము. ఈసారి వాళ్లకీ ఇస్తాం, ఉర్దూలో కూడా వేయించాలి.