అండమాన్ ట్రిప్‌: జీటీ పాపింగ్‌కి బ్రెయిడ్, లీడర్ ఎంత సైజు?

రాళ్లగట్టు:
ఫిబ్రవరిలో పోర్ట్ బ్లెయిర్ నుంచి నాలుగు రోజుల బోటు. జీటీ (జెయింట్ ట్రెవల్లీ అనే పెద్ద చేప) పాపింగే ముఖ్యం, అంటే నీటి పైన శబ్దం చేసే పాపర్ అనే ఎరతో పట్టడం. మధ్యలో కాస్త జిగ్గింగ్, అంటే బరువైన ఎరని లోతుకి దించి పైకీ కిందికీ ఆడించడం. విశాఖలో వాడే రీల్ మీద పీఈ 3 బ్రెయిడ్ (అల్లిన దారం) ఉంది, ట్రిప్ కోసం కొన్న 18000 సైజు రీల్ ఇంకా ఖాళీ. షాపులో పీఈ 6 ఒకటి, పీఈ 10 ఒకటి చూపించి రెండింటికీ తెగే బలం 100 పౌండ్లే అంటున్నారు. అదెలా కుదురుతుంది? లీడర్ (బ్రెయిడ్ కొసన ఎరకి ముందు కట్టే లావు దారం) నైలానా, ఫ్లోరోకార్బనా? వంజరం కూడా తగులుతుందట, దాని పళ్లకి తెగకుండా వైరు కట్టాలా?

సూరచేప:
పౌండ్ల అంకె వదిలేసి పీఈ అంకె చూడండి. పీఈ అంటే దారం లావు: పీఈ 3 దాదాపు 0.285 మి.మీ., 6 అయితే 0.405, 8 అయితే 0.47, 10 అయితే 0.52. అదే 100 పౌండ్లకి ఒకడికి పీఈ 6 సరిపోయి ఇంకొకడికి పీఈ 10 కావాల్సి వచ్చిందంటే, రెండోది నాసిరకం నూలైనా అయ్యుండాలి, లేదా డబ్బా మీద తక్కువ చేసి రాసుండాలి. లావు దారం గాలికి పడవ తెరచాపలా పొంగుతుంది, విసురు దూరం పోదు.

మీ రీల్‌కి 8 పోగుల పీఈ 8, 300 మీటర్లు. స్పూల్ అంచుకి 2–3 మి.మీ. కిందే ఆపండి. అడుగున పది చుట్లు నైలానో, ఒక వరస టేపో తప్పనిసరి. బ్రెయిడ్‌ని నున్నటి లోహం మీద నేరుగా చుడితే, చేప లాగినప్పుడు దారం మొత్తం ఉండలా స్పూల్ మీదే తిరుగుతుంది. డ్రాగ్ (చేప లాగితే దారాన్ని బిగువుగా వదిలే రీల్ బ్రేకు) పాడైందనుకుని జనం రీల్ విప్పేస్తారు. చుట్టేటప్పుడు తడిగుడ్డతో గట్టిగా పట్టుకోవాలి. వదులుగా చుడితే మొదటి పెద్ద లాగుడుకే పై చుట్టు కింది చుట్లలోకి దిగబడి, తర్వాతి విసురుకి టప్పున తెగుతుంది. పోయేది పాపర్, దాని ఖరీదు మీకు తెలుసు.

పాపింగ్‌కి లీడర్ నైలానే, 130 నుంచి 150 పౌండ్లు, 2 మీటర్లు. ఫ్లోరో నీటికంటే బాగా బరువు, పాపర్ ముక్కుని కిందికి లాగుతుంది. పైగా బిరుసు. నైలాన్ సాగుతుంది కాబట్టి చేప కొట్టిన దెబ్బ కొంత అదే మింగుతుంది. జిగ్గింగ్‌కి మాత్రం ఫ్లోరో: పీఈ 5కి 80–100 పౌండ్లది, 4–5 మీటర్లు. అక్కడ రాతి రాపిడికి తట్టుకోవాలి, తిన్నగా మునగాలి. జిగ్గింగ్ బ్రెయిడ్ పది మీటర్లకో రంగు మారేది తీసుకోండి, లోతు లెక్క కళ్ల ముందే ఉంటుంది.

కొక్కెం_త్రాసు:
సూరచేప గారు చెప్పినదానికి ఒక్క సవరణ. పగడపు దిబ్బ బాగా పైకి ఉన్న చోట 170 పౌండ్ల లీడర్ నయం. జీటీ తగలగానే దిబ్బ కిందికే దూరుతుంది, బ్రెయిడ్ పగడానికి ఆనిందంటే అంతే సంగతులు. 200 మాత్రం వద్దు. అంత లావు, గట్టి నైలాన్‌లోకి పీఈ 8 కొరుక్కోదు, ఎఫ్‌జీ ముడి (బ్రెయిడ్‌ని లీడర్‌కి కలిపేది) జారుతుంది.

డ్రాగ్ చేతి అంచనాతో పెట్టకండి. సామాన్లు తూచే కొక్కెం కాటా లీడర్‌కి తగిలించి లాగించండి, 10 నుంచి 12 కిలోల దగ్గర దారం వదలాలి. అంటే లైన్ బలంలో మూడో వంతు లోపే. ఎక్కువ బిగిస్తే దారం కంటే ముందు నడుమే పోతుంది.

రాళ్లగట్టు:
ఎఫ్‌జీ ముడే నా సమస్య. ఇంట్లో కడితే బాగానే ఉంటుంది, గట్టిగా లాగితే లీడర్ బొట్టులా జారి బయటికొచ్చేస్తోంది.

కొక్కెం_త్రాసు:
చుట్లు వేసేటప్పుడు బ్రెయిడ్ వదులైపోతోంది. రాడ్ కొన వంగేంత బిగువుగా ఉంచి, లీడర్‌ని పైనుంచొకటి, కిందనుంచొకటి చొప్పున మొత్తం 20–24 చుట్లు వేయండి. చుట్టు పక్కన చుట్టు పడాలి, ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. రెంటినీ కలిపి ఒక సగం ముడి (హాఫ్ హిచ్) వేసి, తడిపి, చేతికి గ్లవ్స్ తొడిగి రెండు వైపులా లాగండి. అసలు పని ఇక్కడుంది. బ్రెయిడ్ రంగు ముదిరి, చుట్లు కుదించుకుని, గోటితో నెట్టినా కదలకుండా ఉంటే కొరుక్కున్నట్టు. రంగు మారలేదంటే విప్పి మళ్లీ కట్టడమే, మీది ఇక్కడే చెడుతోందని నా అనుమానం.

తర్వాత రెంటి మీదా పైకొకటి కిందకొకటిగా 5–6 సగం ముళ్లు, మళ్లీ లాగుడు. లీడర్ తోక మిల్లీమీటరు వదిలి కోసి, లైటర్‌తో కొస గుండ్రబడేలా కరిగించండి. మంట మాత్రం బ్రెయిడ్ దరిదాపుల్లోకి రాకూడదు. నైలాన్ 220 డిగ్రీల దగ్గర కరిగితే బ్రెయిడ్ 150కే కరుగుతుంది, కాలినట్టు పైకి కనపడదు కూడా. చివరగా ఒక్క బ్రెయిడ్ మీదే 6–8 సగం ముళ్లు.

సూరచేప:
వంజరం సంగతి: పాపింగ్ రాడ్‌కి వైరు కట్టకండి. జీటీ పడితే మెలిపడుతుంది, మెలిపడ్డ చోటే విరుగుతుంది. మీ దగ్గరున్న పీఈ 3 రాడ్‌ని దీనికే ఉంచండి: 50 పౌండ్ల లీడర్, చిన్న నల్ల స్వివెల్ (దారం మెలిపడకుండా తిరిగే లోహపు కీలు), 6వ నంబరు ఒంటిపోగు వైరు 15–20 సెం.మీ. మెరిసే స్వివెల్ అయితే వంజరం దాన్నే కొరికి లైన్ తెంపుతుంది. వైరు కొసని వెనక్కి మడిచి రెండు పోగులూ కలిపి తిప్పే హేవైర్ మెలి 5–6, ఆపైన దగ్గర చుట్లు 4–5 వేసి, మిగిలిన తోకని పక్కకి వంచి అటూ ఇటూ ఊపి విరవండి. కటింగ్ ప్లేయరుతో కోస్తే ముల్లు మిగిలి చెయ్యి చీరుతుంది.

కొక్కెం_త్రాసు:
రోజూ సాయంత్రం లీడర్ పొడవునా గోరు పెట్టి లాగి చూడండి. గరుకు తగిలిందంటే మార్చేయడమే. బ్రెయిడ్ మొదటి 2–3 మీటర్లు కూడా రోజూ కోసేసి కొత్త ఎఫ్‌జీ కట్టండి. ప్లేయర్లు, కత్తెర చెక్-ఇన్ పెట్టెలో వేయండి. లైటర్ విమానంలోకి రానివ్వరు, పోర్ట్ బ్లెయిర్‌లో దిగాక కొనుక్కోవచ్చు.