తొమ్మిది డిస్కులు ఇస్తే 61 డాలర్లు: పాత వీడియో గేములు షాపుకి అమ్మడం, షాపులో కొనడం మీద మీ అనుభవాలు చెప్పండి

ఫ్రిస్కో_నాన్న

అందరికీ నమస్కారం. మేం డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. పోయిన నెల ఇల్లు మారుతూ, మావాడు ఆడటం మానేసిన పీఎస్5 (ప్లేస్టేషన్) గేమ్ డిస్కులు తొమ్మిది సంచీలో వేసుకుని దగ్గర్లోని ఒక షాపుకి పట్టుకెళ్లాను. కౌంటర్లో కుర్రాడు ఒక్కోటీ లైటు కింద తిప్పి చూసి, స్కాన్ చేసి, "క్యాష్ అయితే 61, స్టోర్ క్రెడిట్ అయితే 76" అన్నాడు. స్టోర్ క్రెడిట్ అంటే మళ్ళీ అక్కడే ఏదో కొనాలి, అందుకే క్యాష్ తీసుకున్నా. అందులో ఒకటి నాలుగు నెలల క్రితం 70 పెట్టి కొన్నది. దానికి కట్టింది 18.

రెండు రోజుల తర్వాత కంట్రోలర్ కోసం మళ్ళీ వెళ్తే అదే గేమ్ 49.99 చీటీతో అరలో ఉంది. "అదే గేమ్" అంటే మాదే. అట్ట మూలన మావాడు అంటించిన డైనోసార్ స్టిక్కరు సగం గీకి వదిలేశారు, తోక ఇంకా కనిపిస్తోంది. దాని పక్కనే సీలు తీయని కొత్తది, 54.99.

ఒళ్లు మండి ఒక ఫ్రెండుకి చెప్పా. వాడు గేమ్ స్టూడియోలో పనిచేస్తాడు. "నీకు 18 వచ్చాయి, షాపుకి 32 మిగులుతాయి, గేమ్ చేసినవాళ్లకి సున్నా. బాధపడాల్సింది నువ్వా?" అన్నాడు. నిజంగా పాత డిస్కు కొనడం, అమ్మడం తప్పా? మీకెలా ఉందో చెప్పండి.

కౌంటర్_వెనక

అమెరికాలోనే పుట్టి పెరిగినవాణ్ణి అంకుల్, తెలుగు రాయడం అమ్మ నేర్పింది, తప్పులుంటే సర్దుకోండి. కాలేజీలో ఉండగా ఇలాంటి షాపులోనే రెండేళ్లు చేశా. పేరు చెప్పను.

ముందు షాపు తరఫున ఒక మాట. ఆ 32 అంతా లాభం కాదు. పోయినేడాది ఫుట్‌బాల్ గేమ్ ఉంటుంది చూడండి, కొత్త ఏడాదిది వచ్చిన వారంలో అందరూ దాన్నే తెచ్చి ఇస్తారు. మా స్టోర్‌రూంలో అవి గోడలా పేర్చి ఉండేవి, 5 డాలర్లకి పెట్టినా కదిలేవి కావు. గీతలు పడ్డ డిస్కుల్ని మెషీన్లో రుద్దించాలి, కొన్ని అక్కడే పోతాయి.

ఇక షాపు గురించి బాగోని మాట. రోజూ పొద్దున్నే మేనేజర్ ఒక షీటు చూపించేవాడు. నిన్న ప్రీఆర్డర్లు ఎన్ని, మెంబర్‌షిప్ కార్డులు ఎన్ని, అమ్మకంలో పాతవి ఎంత శాతం. పాతవి తగ్గితే క్లాసే. ఎవరైనా కొత్త గేమ్ చేతిలో పట్టుకుని కౌంటర్ దగ్గరికొస్తే, "సార్, ఇదే పాతది ఐదు డాలర్లు తక్కువ, నచ్చకపోతే వారంలోపు తిరిగి ఇచ్చేయొచ్చు" అని మేం అనాల్సిందే. మీ ఫ్రెండు లాంటివాళ్లకి కడుపుమంట అక్కడే. పాతది అమ్మినందుకు కాదు, కొత్తది కొనబోయేవాణ్ణి మళ్ళించినందుకు.

ఎందుకు మళ్ళిస్తారో గేములమ్మే పెద్ద షాపుల చైన్ గేమ్‌స్టాప్ లెక్కలు చూస్తే తెలుస్తుంది (వాళ్ల ఆఫీసు మీకు దగ్గరే, గ్రేప్‌వైన్‌లో). 2011 ఆర్థిక సంవత్సరంలో వాళ్ల అమ్మకం దాదాపు 955 కోట్ల డాలర్లు. అందులో పాతవాటి వాటా 262 కోట్లు, పావు భాగం కన్నా కాస్త ఎక్కువ. కానీ స్థూల లాభంలో మాత్రం దగ్గర దగ్గర సగం వాటిదే. కొత్త గేమ్ మీద నూటికి 20 మిగిలితే, పాతదాని మీద 46.

ఉప్పల్_గేమర్

అన్నా, మీరు డాలర్ల ముచ్చట జెప్తున్నరు, మా దిక్కు లెక్కనే వేరే. పీఎస్5 కొత్త గేమ్ 4,999. నా జీతంల అది చిన్న పైసలు గావు. రిలీజ్ రోజే కొంట, ఇరవై రోజులల్ల కథ ఖతం జేస్త, వాట్సాప్ గ్రూపుల పెడ్త, 3,800కు పోతది. అంటే నాకు గేమ్ పడ్డది 1,200. ఆ 3,800కు ఇంకిన్ని కలిపి ఇంకో కొత్తది తీస్కుంట. ఇగ జెప్పున్రి, కంపెనీకి నేను నష్టం జేసిన్నా, లాభం జేసిన్నా? అమ్ముకునే దారి లేకుంటె ఏడాదికి ఒక్కటి కొంటుంటి.

నడుమల షాపు లేదు గాబట్టి 18కి తీస్కోని 50కి అమ్మే కథ లేదు. మెట్రో స్టేషన్ కింద కలుస్తం, ఫోన్ టార్చి గొట్టి డిస్కు జూస్కుంటం, ఫోన్‌పే గొడ్తం. ఒక్కపాలి దెబ్బతిన్న. గీతలు జూసిన గని నడిమి తూటు కాడ సన్నగ పగిలింది జూడలే. వారంల ఆ పగులు బయటిదాకా పాకింది. అమ్మినోడు నంబర్ బ్లాక్ జేసిండు. అప్పటిసంది ముందుగాల నడిమి తూటే జూస్త.

పాలిగాన్_పంతులు

ఫ్రిస్కో అన్నా, మీ ఫ్రెండు పక్షాన నేనొస్తా, కానీ సగం దూరమే. హైదరాబాద్‌లోనే ఉంటా. బయటి దేశాల గేములకి కాంట్రాక్టు మీద కత్తులు, కవచాలు, బట్టలు చేసి పంపే కంపెనీలో పని. గేమ్ లక్ష అమ్ముడైనా, కోటి అమ్ముడైనా నా జీతం మారదు. కాబట్టి "చేసినవాళ్లకి సున్నా" అని నా పేరు చెప్పి కన్నీళ్లు పెట్టుకోకండి. కొత్తది కొన్నా నాకు సున్నాయే.

అయినా మాకు సంబంధం లేదనలేను. మొదటి నెలలో కొత్త పెట్టెలు ఎన్ని పోయాయన్న దాని మీదే రెండో భాగం తీయాలా వద్దా అన్నది తేలుస్తారు. అది ఆగితే మా టీముకి వచ్చే ఏడాది పని ఉండదు. రిలీజైన రెండో వారానికే కొత్తదాని పక్కన ఐదు డాలర్ల తేడాతో పాతది కూర్చుంటే, నష్టం ఆ మొదటి నెలలోనే. ఏడాది తర్వాత పాతవి ఎన్ని చేతులు మారినా ఎవరికీ పట్టదు.

ఉప్పల్ తమ్ముడి లెక్క కాదనలేం. గేమ్‌స్టాప్ వాళ్లూ అదే అనేవాళ్లు, మేం ఇచ్చే క్రెడిట్‌లో 70 శాతం మళ్ళీ కొత్త గేముల మీదే పెడతారని. అమ్ముకునేవాడు చెప్పే లెక్క కదా, పూర్తిగా నమ్మలేం.

దీనికి మా పరిశ్రమ వేసిన మందు మాత్రం రోగం కన్నా చేటు. 2010లో ఈఏ అనే పెద్ద గేమ్ కంపెనీ ఆన్‌లైన్ పాస్ పెట్టింది. కొత్త పెట్టెలో ఒక కోడ్ ఉంటుంది, ఒక్కసారే పనిచేస్తుంది. పాతది కొన్నవాడు ఆన్‌లైన్ ఆడాలంటే మరో 10 డాలర్లు కట్టాలి. పిల్లాడి పుట్టినరోజుకి పాతది కొనిచ్చిన తండ్రి ఇంటికెళ్లి పెట్టాక గానీ అది తెలిసేది కాదు. జనం తిట్టీ తిట్టీ 2013లో వాళ్లే ఎత్తేశారు.

ప్లీడరు_గారబ్బాయి

తప్పా అంటే, చట్టం దృష్టిలో అమెరికాలో తప్పు కాదు. 1908 నాటి తీర్పు ఉంది. ఒక ప్రచురణకర్త "డాలరు కన్నా తక్కువకి అమ్మితే నా హక్కు ఉల్లంఘించినట్టే" అని పుస్తకం లోపలే అచ్చేశాడు. మేసీస్ అనే పెద్ద షాపు వాళ్లు 89 సెంట్లకి అమ్మారు. కోర్టుకెళ్తే సుప్రీంకోర్టు, ఒకసారి అమ్మేశాక ఆ ప్రతి మీద నీకు పెత్తనం లేదు పొమ్మంది. డిస్కు కూడా అంతే. జపాన్‌లో పెద్ద గేమ్ కంపెనీలు పాత గేముల షాపుల మీద కేసులేసి, 2002లో అక్కడి సుప్రీంకోర్టులో ఓడిపోయాయి.

అబిడ్స్‌లో ఆదివారం పూట ఫుట్‌పాత్ మీద, బెజవాడ లెనిన్ సెంటర్లో పాత పుస్తకం కొన్నప్పుడు రచయితకి ఏం ముడుతోందని ఎవరైనా అడిగామా?

పాలిగాన్_పంతులు

పుస్తకం నలుగుతుంది, చెద పడుతుంది, ఎవరో పెళ్లికూతురి పేరు రాసి ఉంటుంది. డిస్కులో గేమ్ పదో చేతికెళ్లినా మొదటిరోజు ఉన్నట్టే ఉంటుంది. అబిడ్స్ పోలిక పూర్తిగా కుదరదు సార్. పైగా అక్కడ పాత పుస్తకం పక్కనే కొత్తది పెట్టి "ఇది వద్దు, అది తీసుకోండి" అని ఎవరూ అనరు.

తెనాలి_క్యాసెట్

మీరంతా డిస్కులంటుంటే నాకు టీవీ గేమ్ క్యాసెట్లు గుర్తొస్తున్నాయి. 90ల్లో మా వీధి చివర ఎలక్ట్రానిక్స్ షాపాయన మన క్యాసెట్ తీసుకుని, పైన 20 రూపాయలు తీసుకుని వేరేది ఇచ్చేవాడు. కాంట్రా గేమ్ ఎన్ని ఇళ్లు తిరిగిందో లెక్కలేదు. అవన్నీ నకిలీవేనని పెద్దయ్యాక గానీ తెలియలేదనుకోండి, అక్కడ చేసినవాడికి ఏం ముడుతుందన్న ప్రశ్నే లేదు. పని చేయకపోతే తీసి ఊదడం, మళ్ళీ పెట్టడం. ఆయన కూడా ఊదే అమ్మేవాడు.

ఉప్పల్_గేమర్

తూటు జూస్కునుడు లేదు, ఊదుకునుడే 😄

దమ్మామ్_నుంచి

చర్చ పక్కకి పోయినా, పాతవి కొనేవాళ్లకి పనికొచ్చేది చెప్తా. నేను సెలవుకి వచ్చినప్పుడల్లా ఇక్కడి నుంచి వాడిన డిస్కులు తెచ్చి మా బావమరిదికి ఇస్తుంటా, చవగ్గా దొరుకుతాయి. ఒకసారి అతను ఆ గేమ్‌కి అదనపు కథ ఇండియా స్టోర్‌లో డబ్బు కట్టి కొన్నాడు. డౌన్‌లోడ్ అయింది, గేమ్‌లో మాత్రం కనిపించదు. నా డిస్కు ఒక ప్రాంతానిది, అతని అకౌంటు ఇంకో ప్రాంతానిది. డిస్కు ఏ దేశంలోనైనా ఆడుతుంది, అదనంగా కొనేవి మాత్రం ప్రాంతం కలిస్తేనే. 1,500 పోయాయి, ఇప్పటికీ మా చెల్లి ఎత్తిపొడుస్తుంది.

నింటెండో గేమ్ బాక్సు స్విచ్ 2 ఉన్నవాళ్లు ఇంకోటి గమనించండి. కొన్ని కార్డుల్లో గేమ్ ఉండదు, తాళంచెవి లాంటిది మాత్రమే, గేమ్ డౌన్‌లోడ్ చేసుకోవాలి. కానీ కార్డు పెడితేనే నడుస్తుంది కాబట్టి అమ్ముకోవచ్చు. పెట్టెలో కార్డు లేకుండా కాగితం మీద కోడ్ ఉన్నవి మాత్రం పాతవి ఎవరిచ్చినా తీసుకోకండి. ఖాళీ అట్ట కొన్నట్టే.

కౌంటర్_వెనక

అసలు ఈ గొడవ ఎక్కడ ముదిరిందంటే 2013లో. కొత్త గేమ్ బాక్సు ఎక్స్‌బాక్స్ వన్ వస్తోందని చెప్తూ మైక్రోసాఫ్ట్ పెట్టిన షరతులు గుర్తున్నాయా? 24 గంటలకోసారి నెట్‌కి తగిలించాలి. ఫ్రెండుకి గేమ్ ఇవ్వాలంటే అతను 30 రోజులుగా మీ ఫ్రెండ్స్ లిస్టులో ఉండాలి, అదీ ఒక్కసారే. ఆ జూన్‌లోనే సోనీ పీఎస్4లో గేమ్ ఎలా పంచుకోవాలో ఒక చిన్న వీడియో పెట్టింది. ఒకాయన పక్కాయన చేతికి డబ్బా ఇస్తాడు, ఆయన థాంక్స్ అంటాడు, అయిపోయింది. అదే నెల 19న మైక్రోసాఫ్ట్ అన్నీ వెనక్కి తీసుకుంది.

పాలిగాన్_పంతులు

ఆరోజు అందరం చప్పట్లు కొట్టాం. ఆ తర్వాత ఏం జరిగింది? డిస్కు పెట్టే చోటే లేని బాక్సులు వచ్చాయి. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్‌కి లేదు, పీఎస్5 డిజిటల్‌కి లేదు, అంత ఖరీదైన పీఎస్5 ప్రోకి కూడా విడిగా కొని తగిలించుకోవాలి. గొడవలో గెలవకుండానే పని కానిచ్చేశారు. ఇది మా వైపువాళ్ల గురించే చెప్తున్నా.

ప్లీడరు_గారబ్బాయి

డౌన్‌లోడ్ గేమ్ మళ్ళీ అమ్ముకోవచ్చని పారిస్ కోర్టు 2019లో, డౌన్‌లోడ్ గేములు అమ్మే వాల్వ్ కంపెనీ మీద తీర్పిచ్చింది. 2022లో పై కోర్టు కొట్టేసింది. కాలిఫోర్నియాలో 2025 నుంచి, డిజిటల్ స్టోర్ మీకు అమ్మేది లైసెన్సు మాత్రమే అయితే ఆ సంగతి స్పష్టంగా చెప్పకుండా "కొనండి" అనకూడదు. డిస్కుకి 1908 తీర్పు దన్నుంది, డౌన్‌లోడ్‌కి అది లేదు.

ఫ్రిస్కో_నాన్న

అందరికీ థాంక్స్. షాపు మీద కోపం కాస్త తగ్గింది, ఫుట్‌బాల్ గేముల గోడ ఊహించుకుంటే. ఇంకో రెండు డిస్కులు మిగిలాయి, ఉప్పల్ బాబు చెప్పినట్టు మా కమ్యూనిటీ గ్రూపులో పెట్టా, ఒక్కోటి 30కి పోయాయి.

అసలు చిక్కు ఇప్పుడొచ్చింది. డైనోసార్ స్టిక్కరు గేమ్‌కి రెండో భాగం వస్తోందట, మావాడు మొదటిది మళ్ళీ మొదటినుంచి ఆడాలంటున్నాడు. నిన్న వెళ్లి చూశా, అక్కడే ఉంది, 44.99 అయింది. ఇంకా తగ్గుతుందా?

కౌంటర్_వెనక

రెండోది దగ్గరపడుతుంటే ఇక దిగదు అంకుల్, అడిగేవాళ్లు పెరుగుతారు. శుక్రవారం సాయంత్రం తెచ్చుకోండి. పాతదానికి వారంలోపు తిరిగిచ్చే వీలుందన్నా కదా, రిసీటు జాగ్రత్త. వాడు ఎన్ని రోజుల్లో పూర్తి చేస్తాడు?

ఫ్రిస్కో_నాన్న

పోయినసారి ఆరు.

పాలిగాన్_పంతులు

నేను ఈ పై మూడు మెసేజులు చదవలేదు.