అప్‌డేట్: దోస్తు డబ్బు ఎగ్గొట్టాక అందరి మీదా అనుమానం, గుండెదడ – చివరికి ఏం తేలిందంటే

మూడు నెలల కింద ఇక్కడే అడిగాను: పదేళ్ల దోస్తుకు చిట్టీ ఎత్తి 80,000 ఇస్తే ఫోన్ ఎత్తడం మానేశాడు, అప్పటి నుంచి అందరి మీదా అనుమానం, రాత్రుళ్లు గుండెదడ, ఏం చేయాలని. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

ఈసీజీ, థైరాయిడ్ రెండూ నార్మల్. టీ మానేసినా తేడా రాలేదు, మంచం దిక్కు మార్చడం మా అమ్మ తృప్తి కోసం, అంతే. పనికొచ్చింది ఒకరు ఇచ్చిన 14416, టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబర్. ఫ్రీ, తెలుగులోనే మాట్లాడారు, వాళ్లు చెప్పాకే హన్మకొండలో ఒక సైకాలజిస్ట్‌ను కలిశాను.

ఆవిడ పోయిన డబ్బు గురించి కన్నా నేను రోజుకు ఎన్నిసార్లు చెక్ చేస్తానో ఎక్కువ అడిగారు. బ్యాంక్ బ్యాలెన్స్, బీరువా తాళం, చెప్పడానికి సిగ్గే కానీ మా ఆవిడ ఫోన్ కూడా. చూడగానే రెండు నిమిషాలు హాయిగా ఉంటుంది, ఆ హాయి కోసమే మనసు మళ్లీ చూడమంటుంది, అందుకే టెన్షన్ తగ్గకపోగా పెరుగుతుందట. చూడాలనిపిస్తే 10 నిమిషాలు ఆగి, దడ ఎంతుందో పదికి మార్కు వేసి రాయమన్నారు. మొదటిసారి కాజీపేట స్టేషన్‌లో బెంచీ మీద కూర్చుని 9 వేశాను, కాసేపటికి 5కి దిగింది, బ్యాలెన్స్ చూడకుండానే రైలెక్కాను.

‘వాడిని క్షమించేయ్’ అన్న సలహా అక్కరకు రాలేదు, ఆవిడా ఆ మాట ఎత్తలేదు. డబ్బులైతే రాలేదు. పోయిన వారం మా బావమరిది బండి అడిగితే తాళం ఇచ్చాను, కిలోమీటర్ల రీడింగ్ ఫొటో తీసుకోలేదు.