45 రోజులు దాటినా డబ్బులివ్వని పార్టీ మీద ఫిర్యాదు చేయాలా, వద్దా?

బాలానగర్ లేత్:
మాది చిన్న మెషీన్ షాపు, జాబ్ వర్క్ చేస్తాం. బిల్లు కొట్టిన మరుసటి నెల 20కల్లా జీఎస్టీ కట్టేస్తాం. పని చేయించుకున్న పార్టీ డబ్బులు మాత్రం నాలుగు నెలలైనా రావు. చేతికి రాని సొమ్ము మీద పన్ను కట్టడమే కాక, బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్ మీద వడ్డీ కూడా మాదే. మనలాంటి చిన్న సంస్థల కోసం తెచ్చిన 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా గడువు 45 రోజులు దాటకూడదు. ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకు మూడు రెట్లు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఇంత చట్టం పెట్టుకుని మనలో చాలామంది నోరు విప్పరు. ఫిర్యాదు చేయాల్సిందే అంటాను నేను. మీరేమంటారు?

విజయవాడ అట్టపెట్టెలు:
వద్దంటాను. నా టర్నోవర్లో సగానికి పైగా ఒకే పార్టీది. ఫిర్యాదు చేస్తే పాత బాకీ వస్తుందేమో, కొత్త ఆర్డర్ మాత్రం రాదు. శనివారం పనివాళ్ల చేతిలో ఏం పెట్టాలి?

చట్టం గట్టిపడితే మనకే మేలనుకోవడం కూడా తొందరపాటే. 2023 బడ్జెట్లో ఆదాయపన్ను చట్టంలోకి 43బీ(హెచ్) అనే సెక్షన్ తెచ్చారు కదా. సూక్ష్మ, చిన్న సంస్థలకు గడువు దాటినా చెల్లించని బాకీ మార్చి 31కి మిగిలి ఉంటే, కొన్నవాడు దాన్ని ఆ ఏడాది ఖర్చులో చూపించలేడు, కట్టిన ఏడాదే చూపించుకోవాలి. దాంతో 2024 మొదట్లో సూరత్ బట్టల మార్కెట్లో ఆర్డర్లు రద్దయ్యాయి, సరుకు వెనక్కి వచ్చింది. మీడియం సంస్థల దగ్గర కొంటే ఆ రూలు వర్తించదు. కొనేవాడు మనల్ని వదిలేసి వాళ్ల దగ్గరికి పోతే ఎవరిని అడుగుతాం?

జీడిమెట్ల రబ్బర్ పార్ట్స్:
అన్నా, మీ భయం నిజమైనదే. ఒక్క పార్టీ మీద ఆధారపడ్డవాళ్లను రేపే కేసు వెయ్యమని నేనూ అనను. కానీ నోరు మూసుకోవడానికీ, కేసు వేయడానికీ మధ్య చాలా దారి ఉంది.

ఇన్‌వాయిస్ మీద ఉద్యమ్ (చిన్న సంస్థల ప్రభుత్వ రిజిస్ట్రేషన్) నంబర్ వేయండి. సరుకు అందినట్టు చలాన్ మీద తేదీతో సంతకం, స్టాంపు తీసుకోండి, ఎందుకంటే రోజుల లెక్క అక్కడి నుంచే మొదలవుతుంది. గడువు దాటగానే వడ్డీ లెక్క కట్టి మర్యాదగా ఒక మెయిల్ పెట్టండి. ఆడిట్ ఉన్న కంపెనీ అయితే మనలాంటి వాళ్లకు ఎంత బాకీ ఉందో, దాని మీద ఎంత వడ్డీ అయిందో లెక్కల్లో చూపించాలి. ఆ వడ్డీ వాళ్లకు పన్నులో ఖర్చుగా కూడా రాదు. పర్చేజ్ మేనేజర్ పట్టించుకోకపోయినా ఆ మెయిల్ వాళ్ల అకౌంట్స్ వాళ్లను కదిలిస్తుంది. ఇంకోటి, 180 రోజుల్లో మన బిల్లు కట్టకపోతే దాని మీద వాళ్లు తీసుకున్న జీఎస్టీ క్రెడిట్ (కొనుగోలు మీది పన్నును తమ పన్నులో తగ్గించుకున్నది) వడ్డీతో సహా వెనక్కి కట్టాలి. ఇది గుర్తు చేయడం గొడవ పెట్టుకోవడం కాదు.

అప్పటికీ ఇవ్వకపోతే కేంద్ర ఎంఎస్ఎంఈ శాఖ ఆన్‌లైన్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టండి. కొన్నవాడు ముంబైలో ఉన్నా, మన యూనిట్ ఉన్న రాష్ట్రంలో ఈ చట్టం కింద ఏర్పాటైన ఫెసిలిటేషన్ కౌన్సిల్ ముందే కేసు నడుస్తుంది. ముందు రాజీ ప్రయత్నం, కుదరకపోతే ఆర్బిట్రేషన్ (మధ్యవర్తి తీర్పు). 90 రోజుల్లో తేల్చాలని చట్టంలో ఉన్నా అంతకంటే ఆలస్యమవుతోంది, ఆ మాట దాచడం నాకిష్టం లేదు. కానీ తీర్పు మన వైపు వచ్చాక కొన్నవాడు దాన్ని కోర్టులో సవాలు చేయాలంటే ముందు 75 శాతం డిపాజిట్ చేయాలి. మామూలు సివిల్ దావాలో ఇంత బలం మనకు దొరకదు.

ఒక్క జాగ్రత్త: సరుకు ఇచ్చిన తర్వాత ఉద్యమ్ తీసుకుంటే పాత బిల్లులకు ఈ రక్షణ రాదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. రిజిస్టర్ చేసుకోనివాళ్లు ఈ వారమే చేసుకోండి. రుసుము లేదు, ఏజెంటూ అక్కర్లేదు.

బేగంబజార్ స్టేషనరీ:
మాది హోల్‌సేల్ షాపు. ఉద్యమ్ ఉంది. మాకూ ఇదంతా వర్తిస్తుందా అండీ?

జీడిమెట్ల రబ్బర్ పార్ట్స్:
లేదండీ. వ్యాపారులను 2021 జూలైలో మళ్లీ ఉద్యమ్‌లోకి తీసుకున్నారు గానీ ప్రాధాన్య రంగ రుణాల వరకే. సొంతంగా తయారుచేసి అమ్మేవాళ్లకు, సేవలు అందించేవాళ్లకే ఈ 45 రోజుల హక్కు. మీరైతే చెక్కు తీసుకోండి. అది బౌన్స్ అయితే, బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లో నోటీసు పంపాలి. నోటీసు అందాక వాళ్లకు 15 రోజుల టైం ఉంటుంది, అది ముగిసిన నెలలోపు కోర్టులో ఫిర్యాదు వేయాలి. అవతలివాళ్లు ‘రేపు, ఎల్లుండి’ అంటున్నారని ఆగితే ఈ గడువులే పోతాయి.

విజయవాడ అట్టపెట్టెలు:
కొత్త పార్టీలకు మీరు చెప్పినట్టే చేస్తాను. పెద్ద పార్టీ మీదికి మాత్రం వెళ్లను, నా ఇబ్బంది నాది. కాకపోతే వాళ్ల పాత బిల్లు ఒకటి మూడేళ్లకు దగ్గర పడుతోంది. దానికేం చేయాలి?

బాలానగర్ లేత్:
మూడేళ్లు దాటితే దావా హక్కు పోతుంది బ్రదర్. మార్చి లెక్కల పేరుతో బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ లెటర్ పంపి సంతకం పెట్టించుకోండి. అన్ని కంపెనీలూ ఇచ్చేదే, ఎవరూ తప్పుగా అనుకోరు. గడువు ముగిసేలోపు బాకీ ఒప్పుకుంటూ సంతకం చేస్తే ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు వస్తాయి. లెటర్లో ఆ బిల్లు నంబర్, తేదీ విడిగా రాయించండి.