కొరియన్ బార్బెక్యూకి ఆరుగురం వెళ్తున్నాం, పోయినసారిలా మాడ్చుకోకుండా ఏం చేయాలి?

శనివారం_సాయంత్రం:

అందరికీ నమస్తే. వచ్చే శనివారం మేం ఆరుగురం టేబుల్ మీదే కాల్చుకునే కొరియన్ రెస్టారెంట్‌కి వెళ్తున్నాం. మా అత్తగారు, మామగారు, నేను, మా ఆవిడ, బావమరిది, వాడి భార్య. పెద్దవాళ్ళిద్దరికీ ఇదే మొదటిసారి, వాడి భార్యేమో అసలు నాన్‌వెజ్ ముట్టదు.

రెండు నెలల క్రితం ఫ్రెండ్స్‌తో ఇలాంటి చోటికే వెళ్ళాం, పేరు అనవసరం. అందరం బాగా ఆకలి మీదున్నాం, ప్లేట్లు రాగానే ఎవరికి దొరికింది వాళ్ళు గ్రిల్ మీద వేసేశాం. ముందే తియ్యటి సాస్‌లో నానబెట్టిన బీఫ్ వేశాం, ఐదు నిమిషాల్లో గ్రిల్ మొత్తం నల్లగా అంటుకుపోయింది, దాని మీదే పోర్క్ బెల్లీ (కొవ్వున్న పంది పొట్ట మాంసం) వేశాం, పైన మాడి లోపల ఉడికిందో లేదో తెలీదు. పచ్చి మాంసం వేసిన చాప్‌స్టిక్స్‌తోనే తిన్నాం కూడా. మర్నాడు ఇద్దరికి కడుపు పాడైంది, అది దీనివల్లేనని గట్టిగా చెప్పలేను గానీ అనుమానమైతే ఉంది. పైగా అది ఒకే రేటుకి కడుపునిండా తినే రకం, గంటన్నర టైమ్. చివరి ఇరవై నిమిషాలు పచ్చి మాంసం ముందు పెట్టుకుని కూర్చున్నాం, మిగిలినదానికి బిల్లులో అదనంగా వేశారు.

ఈసారి పెద్దవాళ్ళ ముందు అలా కాకూడదు. ఏది ముందు వెయ్యాలి, ఉడికిందని ఎలా తెలుస్తుంది, నాన్‌వెజ్ తినని అమ్మాయికి ఏం చెప్పాలి? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.

హాన్_నది_గట్టు:

నేను చదువుకోసం సియోల్లో రెండేళ్ళు ఉన్నానండి, వారానికి ఒకసారైనా గ్రిల్ ముందు కూర్చున్నదాన్ని కాబట్టి చెప్తున్నా. మీ బల్ల మీద జరిగిన తప్పు ఒక్కటే, టాంగ్స్ అందరి చేతుల్లో ఉన్నాయి. అక్కడ చాలా చోట్ల సర్వ్ చేసేవాళ్ళే వచ్చి కాల్చి పెడతారు, లేదంటే బల్ల దగ్గర ఒకళ్ళు టాంగ్స్, కత్తెర తీసుకుంటారు, ఇక మిగతావాళ్ళు గ్రిల్ జోలికి పోరు. మీరు తీసుకోండి లేదా మీ బావమరిదికి ఇవ్వండి, ఇద్దరూ వద్దు.

ఇక వరుస. సాస్ పట్టించనివి ముందు, పట్టించినవి చివర. దీనికి కారణం ఉంది, బుల్గోగి (పలచటి బీఫ్ ముక్కలు), గల్బీ (పక్కటెముకల మాంసం) నానబెట్టే సాస్‌లో సోయా సాస్‌తో పాటు చక్కెర, చాలాసార్లు పియర్ పండు గుజ్జు కూడా వేస్తారు, ఆ తీపి వేడికి ముందే మాడుతుంది, మాంసం ఉడకడానికి ఇంకా టైమ్ ఉండగానే గ్రిల్‌కి పట్టేస్తుంది. అందుకే మొదట చాదోల్బెగి అడగండి, బీఫ్ బ్రిస్కెట్‌ని కాగితంలా కోసి ఇస్తారు, గ్రిల్ బాగా కాగి ఉంటే కాసేపట్లోనే ముడుచుకుని రంగు మారుతుంది. ఆకలి మీదున్న వాళ్ళకి అది పెడితే బల్ల కాస్త శాంతిస్తుంది. ఆ తర్వాత సమ్‌గ్యోప్సల్, అంటే పోర్క్ బెల్లీ. చివరికి గల్బీ. సాస్ పట్టించిన వాటికి మంట కూడా కాస్త తగ్గించి, మాటిమాటికీ తిప్పుతూ ఉండాలి.

సమ్‌గ్యోప్సల్ గురించి కాస్త ఎక్కువ చెప్తా ఎందుకంటే నాకు దాని మీద ప్రేమ. పొడుగు ముక్కని కోయకుండా అలాగే పరవాలి. పరిచాక కదపకూడదు. కాసేపటికి పైన పచ్చిగా ఉన్నవైపు చిన్న చిన్న నీటిబొట్లు పైకి తేలతాయి, అంచులు తెల్లబడతాయి, అప్పుడు ఒక మూల ఎత్తి చూస్తే కింద బంగారు రంగు వచ్చి ఉంటుంది, అప్పుడు తిప్పాలి. రెండోవైపు కూడా రంగు వచ్చాక టాంగ్స్‌తో ఎత్తి పట్టుకుని కత్తెరతో నోట్లో పట్టేంత ముక్కలు చేసి, ముక్కల్ని పక్కలకి వాల్చి నిలబెడితే కోసిన వైపులు కూడా కాలతాయి. చాలా చోట్ల దీనికి ఇచ్చే పెనం ఒకవైపుకి వాలి ఉంటుంది, కొవ్వు కరిగి కిందికి జారుతుంది, ఆ జారే దారిలో పులిసిన కిమ్చీ (కారం పట్టించి ఊరబెట్టిన క్యాబేజీ), వెల్లుల్లి పెట్టండి. ఆ కొవ్వులో వేగిన కిమ్చీ తిన్నాక మామూలు కిమ్చీ చప్పగా అనిపిస్తుంది, నిజంగా.

గ్రిల్ నల్లబడితే మార్చమని అడగాలి, అది వాళ్ళ పనే, మొహమాటం వద్దు. కొరియాలో "బుల్పన్ గారా జుసెయో" అని పిలుస్తారు, బల్లకి బెల్ ఉంటే అది నొక్కితే చాలు. సాస్ పట్టించిన మాంసం మొదలుపెట్టే ముందు ఒకసారి, మధ్యలో ఒకసారి ఎలాగూ మార్చాల్సిందే.

తినేది కూడా నేర్పించండి పెద్దవాళ్ళకి. అరచేతిలో లెట్యూస్ ఆకు, దాని మీద కావాలంటే పెరిల్లా అనే ఘాటు వాసన ఆకు, ఒక ముక్క మాంసం, వేలి కొనంత సామ్‌జాంగ్ (పులియబెట్టిన సోయాబీన్, మిరప ముద్ద), వెల్లుల్లి ముక్క, మడిచి ఒక్కసారే నోట్లో పెట్టుకోవాలి. సగం కొరికితే మొత్తం ఒళ్ళో పడుతుంది, అందుకని చిన్నగా కట్టండి. దాన్ని సామ్ అంటారు. మీరు కట్టి అత్తగారికి అందించండి, అక్కడ అది ప్రేమగా చేసే పని. ఇంకోటి, అక్కడ పెద్దవాళ్ళు మొదటి ముద్ద తిన్నాకే మిగతావాళ్ళు మొదలుపెడతారు. పక్కన చిన్న గిన్నెల్లో వచ్చే బాన్‌చాన్ మామూలుగా అడిగినన్నిసార్లు ఇస్తారు, దానికి డబ్బు తీసుకోరు.

వంటింట్లో_ఎనిమిదేళ్ళు:

పైన అక్క చెప్పిన వరుస కరెక్ట్. నేను రెస్టారెంట్ కిచెన్‌లో పనిచేస్తా, కడుపు పాడైన సంగతికి జవాబు చెప్తా.

టాంగ్స్ రెండు జతలు అడగండి. ఒకటి పచ్చి మాంసం ప్లేటు నుంచి గ్రిల్ మీదికి, రెండోది గ్రిల్ మీంచి తినే ప్లేటులోకి. ఒకటే ఇస్తే రెండోది అడిగి తీసుకోండి, ఇవ్వకపోవడం అంటూ ఉండదు. మీ నోట్లో పెట్టుకునే చాప్‌స్టిక్స్ పచ్చి మాంసాన్ని తాకకూడదు, అంతే. పచ్చి మాంసం ప్లేట్లు బల్లకి ఒక చివర ఉంచండి, లెట్యూస్ ఆకుల పక్కన పెట్టకండి. ఆకులు మనం వండకుండా తింటాం, మాంసం రసం ఒక్క చుక్క పడినా అది నేరుగా కడుపులోకే. నానబెట్టిన సాస్ గిన్నెలో మిగిలితే కాలిన ముక్కల మీద పోసుకునేవాళ్ళని చూశాను, దయచేసి పొయ్యకండి, అది పచ్చి మాంసం నానిన నీళ్ళు.

ఉడికిందా లేదా అన్నది రంగు చూసి చెప్పడం నమ్మదగింది కాదు. అమెరికా వ్యవసాయ శాఖ లెక్క ప్రకారం బీఫ్, పోర్క్ గట్టి ముక్కలకి లోపల 63 డిగ్రీల సెల్సియస్ వచ్చి మూడు నిమిషాలు ఆగాలి, కీమాకి 71, చికెన్‌కి 74. బల్ల దగ్గర థర్మామీటర్ ఎవరూ పెట్టరు కాబట్టి పలచగా కోసినవే ఆర్డర్ చెయ్యండి, మందపాటి ముక్క ఉంటే కత్తెరతో మధ్యకి కోసి చూడండి, లోపల ఇంకా పచ్చిగా మెత్తగా ఉంటే తిరిగి పెట్టండి. చికెన్ అయితే అస్సలు తొందరపడొద్దు.

ఇది ఊరికే భయపెట్టడానికి చెప్పట్లేదు. 2011లో జపాన్లో ఒక గ్రిల్ రెస్టారెంట్ల గొలుసులో పచ్చి బీఫ్‌తో చేసే యుక్కె తిని చాలామంది జబ్బుపడ్డారు, ఐదుగురు చనిపోయారు, ఈ.కోలై బ్యాక్టీరియా. ఆ తర్వాత 2012లో అక్కడ పచ్చి బీఫ్ లివర్ వడ్డించడమే నిషేధించారు. పెద్దవాళ్ళు, చిన్నపిల్లలు ఉన్న బల్ల మీద పచ్చి మాంసం వంటకాలు వద్దనే నా మాట.

ఆకుకూర_గిన్నె:

నేనూ నాన్‌వెజ్ తిననండి, ఇలాంటి బల్లల దగ్గర చాలాసార్లు కూర్చున్నా కాబట్టి ఆ అమ్మాయి తరఫున రాస్తున్నా. "ఆమెకి మష్రూమ్స్ ఉన్నాయిగా" అని అందరూ అంటారు, ఆ మష్రూమ్స్ పోర్క్ కొవ్వు కారుతున్న అదే గ్రిల్ మీద వేస్తారు. అప్పుడు ఆమె తినలేదు, మీరు అడిగితే పర్లేదు అంటుంది, ఇంటికెళ్ళి ఏదో తింటుంది. దయచేసి ముందే ఫోన్ చేసి వేరే చిన్న పెనం ఇస్తారా అని అడగండి. ఇస్తే కింగ్ ఆయిస్టర్ మష్రూమ్‌ని నిలువుగా మందంగా కోసినవి, టోఫు, గుమ్మడి, ఉల్లి చక్రాలు వేసుకుని నువ్వుల నూనె, ఉప్పులో అద్దుకుంటే ఆమె కూడా మీతో పాటే కాల్చుకుంటూ తినగలదు. కాల్చుకోవడంలోనే కదా ఆ సరదా అంతా.

తెలియక తినేవి ఇవి: కిమ్చీలో చాలావరకు చేపల సాస్ గానీ ఉప్పులో ఊరిన రొయ్యలు గానీ ఉంటాయి. దోయెన్‌జాంగ్ జ్జిగె అంటే పులియబెట్టిన సోయాబీన్ ముద్దతో చేసే పులుసు, చూడ్డానికి టోఫు, కూరగాయలే, కానీ ఆ నీళ్ళు చాలాసార్లు ఎండు ఆంకోవీ చేపలతో కాచినవి. జాప్‌చే అనే నూడుల్స్‌లో చాలాసార్లు బీఫ్ ముక్కలు వేస్తారు. బిబింబాప్ (కూరగాయలతో కలుపుకునే అన్నం) అయితే మాంసం, కావాలంటే గుడ్డు తీసేయమని చెప్పొచ్చు, కానీ పక్కన ఇచ్చే గోచుజాంగ్ అనే మిరప ముద్దలో బీఫ్ వేయించి కలిపే రకం కూడా ఉంది, అడిగి తీసుకోండి.

ఎర్రపులుసు_వీరాభిమాని:

అన్నా, నన్నడిగితే ఈ ఆరుగురికి గ్రిల్ కంటే హాట్‌పాట్, అంటే బల్ల మధ్యలో మరిగే పులుసులో ముంచి ఉడికించుకునేది, బాగుంటుంది. పొగ ఉండదు, మాడేది ఉండదు, రెండు గదుల గిన్నె అడిగితే ఒకవైపు ఎర్రటి సిచువాన్ పులుసు, ఒకవైపు మష్రూమ్ పులుసు. కొన్ని చోట్ల మనిషికో చిన్న గిన్నె ఇస్తారు, అలా అయితే నాన్‌వెజ్ తినని వాళ్ళకి ఇంక ఏ గొడవా లేదు, వాళ్ళకి రెండు గదుల గిన్నె మాత్రం వద్దు, ఒకటే గరిటె అటూ ఇటూ తిరుగుతుంది.

అందులో కూడా ఒక పద్ధతి ఉంది. ఆలూ, ముల్లంగి లాంటి గట్టివి మొదట్లోనే పడేయాలి, ఆకులు చివర్లో, నూడుల్స్ అన్నిటికన్నా ఆఖర్న లేకపోతే పులుసు చిక్కబడిపోతుంది. పలచటి మాంసం వదిలెయ్యకూడదు, చాప్‌స్టిక్స్‌తో పట్టుకుని ముంచి ఆడించాలి. చైనాలోని చోంగ్‌చింగ్ వాళ్ళు బీఫ్ పొట్ట పొరని "ఏడుసార్లు పైకి, ఎనిమిదిసార్లు కిందికి" అని లెక్కపెట్టి తీస్తారు, మొత్తం పదిహేను సెకన్లు అనుకోండి, దాటితే రబ్బరే. తీశాక నువ్వుల నూనెలో వెల్లుల్లి దంచి వేసిన గిన్నెలో ముంచితే వేడీ తగ్గుతుంది కారమూ తగ్గుతుంది. జపాన్ షాబు-షాబు కూడా ఇలాంటిదే, ఆ పేరే మాంసాన్ని వేడినీళ్ళలో ఆడించే చప్పుడు నుంచి వచ్చింది, కారం పడని పెద్దవాళ్ళకి అది బెస్ట్.

రెండూ కావాలంటే థాయ్ మూకాతా చూడండి, మధ్యలో గోపురంలా గ్రిల్, చుట్టూ కందకంలో పులుసు, పైన కాలుతున్న మాంసం రసం కిందున్న పులుసులోకి జారుతుంది. చివరికి ఆ పులుసు తాగితే తెలుస్తుంది.

శనివారం_సాయంత్రం:

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ థ్యాంక్స్. హాట్‌పాట్ మాట బాగుంది గానీ మామగారు నిప్పు మీద కాల్చేదే చూడాలని పట్టుబట్టారు. ఫోన్ చేశాను, వేరే పెనం ఇస్తామన్నారు, గ్రిల్ మీద కాకుండా చిన్న గ్యాస్ స్టవ్ మీద అట. కడుపునిండా తినే రకం వద్దనుకుని ప్లేట్ల లెక్కన ఆర్డర్ చేసే చోటు చూశాను, టైమ్ ఒత్తిడి ఉండదని. ఇంకో డౌట్, నచ్చితే ఇంట్లో కూడా చేద్దామని బావమరిది బొగ్గుల పొయ్యి కొంటానంటున్నాడు, పర్లేదా?

హాన్_నది_గట్టు:

ఇంట్లో బొగ్గులు వద్దు తమ్ముడూ. కిటికీలు తెరిచినా వద్దు. బొగ్గు కాలేటప్పుడు కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, వాసన ఉండదు, రంగు ఉండదు, తల తిరుగుతోందని అనుకునేలోపే మనిషి పడిపోతాడు. రెస్టారెంట్‌లో ప్రతి బల్ల మీదా దించి పెట్టే ఆ పొగ గొట్టం అలంకారానికి కాదు, అందుకే కాల్చేటప్పుడు దాన్ని గ్రిల్‌కి దగ్గరగా లాగి పెట్టుకోండి, పొగ మొహానికి కొడుతోందని పైకి నెట్టేస్తే పొగ ఇంకా ఎక్కువ కొడుతుంది.

ఇంట్లో అయితే కరెంటు గ్రిల్ కొనుక్కోండి. పక్కన గ్యాస్ డబ్బా పెట్టుకునే చిన్న స్టవ్ అయితే స్టవ్ కంటే వెడల్పు పెనం పెట్టకూడదు, అంచు డబ్బా మీదికి వస్తే ఆ వేడికి డబ్బా పేలుతుంది. రెండు స్టవ్‌లు పక్కపక్కన పెట్టి పెద్ద పెనం పరచడం కూడా అంతే ప్రమాదం.

ఇంకో చిన్న మాట, కోట్లు, శాలువాలు బల్ల దగ్గర తగిలించకండి. గుండ్రటి స్టూళ్ళు ఉంటే వాటి మూత ఎత్తి చూడండి, చాలా చోట్ల లోపల ఖాళీగా ఉంటుంది, బట్టలు అందులో పెట్టుకోవడానికే.

శనివారం_సాయంత్రం:

వెళ్ళొచ్చాం. టాంగ్స్ నేనే తీసుకున్నా, రెండు జతలు. చాదోల్బెగి రాగానే అందరూ నెమ్మదించారు, తర్వాత సమ్‌గ్యోప్సల్ దగ్గర నీటిబొట్లు తేలేదాకా నేను ఆగుతుంటే మామగారు కూడా ముందుకి వంగి "వచ్చాయి, వచ్చాయి, ఇప్పుడు తిప్పు" అని చెప్పడం మొదలుపెట్టారు, ఇక ఆ పని ఆయనదే అయిపోయింది. అత్తగారికి మా ఆవిడ సామ్ కట్టి ఇస్తే మొదటిది కొంచెం పెద్దదై కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు, రెండోది నుంచి ఆవిడే చిన్నగా కట్టుకుని వరసగా తిన్నారు, పెరిల్లా ఆకు మాత్రం వాసన పడలేదని పక్కన పెట్టారు. చెల్లెమ్మ తన పెనం మీద మష్రూమ్స్ కాల్చి మా ప్లేట్లలో కూడా వేసింది, నిజం చెప్పాలంటే బల్ల మీద ముందు ఖాళీ అయింది అవే. కిమ్చీ అడిగాను, రొయ్యలు వేస్తామన్నారు, తనకి చెప్పేశాను.

ఒక్కటే పొరపాటు, గల్బీ సగంలో గ్రిల్ రెండోసారి మార్చమని అడగడానికి మొహమాటపడ్డా, ఇంకో నాలుగు ముక్కలేగా అనుకున్నా. ఆ నాలుగు ముక్కలూ చేదొచ్చాయి.