"మందు పెట్టారంట": మందు సంగతి సరే, ఆ "అంట" సంగతేంది?

ఉదయగిరి నుంచి:
మా జేజిది ఉదయగిరి పక్క పల్లె. సంక్రాంతికి పోయినప్పుడు వాకిట్లో శనక్కాయలు ఒలుస్తా దుర్గం వైపు చూసి ఒక మాట అన్నది. "ఆ కొండ గెలిచిన రాయలకి ఒక్కడే కొడుకు. ఆ పిల్లోడికి మందు పెట్టారంట. దానికి అప్పాజీ కళ్ళు తీయించినాడంట." అంతే. మళ్ళీ శనక్కాయల్లో పడిపోయింది.

అప్పాజీ అంటే కృష్ణదేవరాయల మంత్రి తిమ్మరుసు అని తెలుసు. నా సందేహం మాట గురించి. జేజి "విషం ఇచ్చారంట" అనలేదు, "మందు పెట్టారంట" అన్నది. మా ఊళ్ళో మొగుడు అత్తగారింటి చుట్టూ తిరిగినా, ఎదిగిన పిల్లోడు అన్నం మానేసి చిక్కిపోయినా "ఎవరో మందు పెట్టారు" అంటారు. రెండూ ఒకటే మందా? వేరే ఊళ్ళలో కూడా ఇట్టానే అంటారా?

సూళ్ళూరుపేట నుంచి:
మాకు అరవం సగం, తెలుగు సగం కాబట్టి చెప్తున్నా. అరవంలో దీన్ని "ఇడుమరుందు" అంటారు. ఇడు అంటే పెట్టు, మరుందు అంటే మందు. మక్కీకి మక్కీ మన మాటే. కన్నడంలో మందుని "మద్దు" అంటారు. తుపాకి మందుకి కూడా మద్దే. మనకీ "మందుగుండు" ఉంది కదా.

కావలి నుంచి:
నాది పురుగుమందుల షాపు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇదే మాట. "మందు కొట్టాలన్నా" అంటే చేలో కొట్టేది. "మందుకట్ట వెయ్యి" అంటే యూరియా. పక్క సందులో "మందు ఉందా" అంటే ఇంకోటి. ఆ పక్క మెడికల్ షాపులో అడిగేది మరొకటి. అన్నిటికీ ఒకటే మాట పెట్టుకుని మనం ఎట్లా బతుకుతున్నామో! క్రియని బట్టి తెలుస్తుంది అంతే: కొట్టేదొకటి, చల్లేదొకటి, వేసుకునేదొకటి, తాగేదొకటి. "పెట్టేది" మాత్రం ఎప్పుడూ చెడ్డదే. పుండుకి పెట్టేది తప్పించి.

వింజమూరు నుంచి (ఆయుర్వేదం డాక్టర్ని):
కావలి అన్న చెప్పిన చివరి ముక్క బాగుంది. సంస్కృత వైద్యంలో దీనికి "గరం" అని వేరే పేరే ఉంది. పాము విషం, మొక్కల విషం లాంటివి కాక, మనిషి పనిగట్టుకుని కలిపి అన్నంలో పెట్టేది. చరక సంహిత విషచికిత్స అధ్యాయంలో, భర్తలు తమ మాట వినాలని భార్యలు పెట్టేదీ, శత్రువులు పెట్టించేదీ ఒకే చోట వస్తాయి. ఉదయగిరి జేజి కూడా రెండిటికీ ఒకే మాట వాడింది చూడండి. సుశ్రుతంలో అయితే కల్పస్థానం మొదటి అధ్యాయమే రాజుగారి అన్నపానాల రక్షణ. విషం కలిసిన మెతుకులు నిప్పులో వేస్తే చిటపటలాడతాయనీ, మంట నెమలి మెడ రంగులోకి వస్తుందనీ రాశారు. వంటింట్లోనే మందు పెడతారన్న భయం రాజులకి అంత పాతది.

కానీ ఒక మాట. ఒళ్ళు బాగాలేని పిల్లోడికి మంచం పక్కన ఇచ్చేదీ మందే. చనిపోయాక "ఆ మందులోనే ఏదో ఉంది" అనడం సులువు. మా వృత్తిలో ఉన్నవాళ్ళకి ఈ మాట కొత్త కాదు. ఎందుకన్నానో వివరం అడగొద్దు.

కందుకూరు నుంచి:
(చరిత్ర మాస్టారిని, రిటైరయ్యాను.)

డాక్టరు గారు సరిగ్గా ముడి ఉన్న చోట వేలు పెట్టారు. ఈ కథకి మనకున్న ముఖ్యమైన ఆధారం నూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వ్యాపారి రాసింది. అతను రాసింది 1530ల నడుమ. అంటే సంఘటన జరిగి పదేళ్ళు దాటాక, విని రాసింది. అతని లెక్కలో కృష్ణరాయలు బతికుండగానే ఆరేళ్ళ కొడుకు తిరుమలరాయలకి పట్టం కట్టాడు. ఇది 1524 నాటి మాట. ఆ ఏటి శాసనాల్లో ఈ పిల్లవాడి పేరు కనిపిస్తుంది కాబట్టి పట్టం మాట ఉత్తది కాదు. ఎనిమిది నెలలు ఉత్సవాలు జరిగాయనీ, ఆ రోజుల్లోనే పిల్లవాడు *జబ్బు చేసి* పోయాడనీ నూనిజ్ అంటాడు. గమనించండి, ముందు జబ్బు అనే అంటాడు. ఆ తర్వాతి వాక్యంలో, తిమ్మరుసు కొడుకు విషం ఇచ్చాడని రాజుకి *తెలిసింది* అంటాడు. ఎవరు చెప్పారు? ఏం చూసి చెప్పారు? అక్కడ ఒక్క ముక్క లేదు. తిమ్మరుసు పేరు కూడా అతని చెవికి "సాల్వతినిక"లాగా పడింది. సాళువ తిమ్మ అని మనం సరిచేసుకుని చదువుకోవాలి.

నింద పడింది కొడుకు మీద. జైలుకి పోయింది తండ్రి, కొడుకు, తిమ్మరుసు తమ్ముడు. కొడుకు తప్పించుకుని, చుట్టం ఏలుతున్న ఒక కొండకోటలో చేరి రాజు మీదే యుద్ధం చేశాడు. పెద్ద సైన్యం పంపి పట్టుకోవాల్సి వచ్చింది. తర్వాతే కళ్ళు తీయించడం. బ్రాహ్మణుల్ని ఈ దేశంలో చంపరు కాబట్టి అలా చేశారని నూనిజ్ వివరణ. కొడుకు జైల్లోనే పోయాడు. పెనుకొండలో తిమ్మరుసు బందిఖానా అని ఇప్పటికీ చూపిస్తారు.

ఇక్కడ నాకు బాధ కలిగించేది ఒకటుంది. కోటల్ని నమ్మకమైన బ్రాహ్మణులకి అప్పగించాలని రాజనీతి పద్యాల్లో చెప్పినవాడు ఈ రాయలే. చెప్పినట్టే చేశాడు కూడా. ఏడాదిన్నర ముట్టడించి 1514లో ఉదయగిరి తీసుకుని, అద్దంకి మీదుగా పోయి 1515లో కొండవీడు గెలిచాక, దాన్ని చివరికి తిమ్మరుసు మేనల్లుడు నాదిండ్ల గోపన చేతిలోనే పెట్టాడు. అటువంటి కుటుంబాన్ని ఒక్క దెబ్బకి కూల్చేశాక ఆ ఖాళీ ఎవరు పూడ్చాలి?

జేజి గారి "ఒక్కడే కొడుకు" మాత్రం పూర్తి నిజం కాదు. 1529లో రాయలు పోయేనాటికి పద్దెనిమిది నెలల పసివాడు ఇంకొకడున్నాడు. అంత పసివాడు పనికిరాడని చంద్రగిరిలో ఉన్న తమ్ముడు అచ్యుతరాయల్ని పిలిపించారు. అల్లుడు రామరాయలు ఆ పసివాణ్ణే నిలబెట్టాలని చూశాడు. అప్పుడు మొదలైన తగువు 1542లో అచ్యుతరాయలు పోయాక రక్తం చూసింది. అతని కొడుకుని సొంత మేనమామ చంపించాడు, ఆ మేనమామని రామరాయలు చంపాడు. ఆరేళ్ళ పిల్లవాడు బతికుంటే 1529లో పదకొండేళ్ళవాడు అయ్యుండేవాడు. పెద్దదిక్కుగా అప్పాజీ ఉండేవాడు. ఆ పైన ఏమయ్యేదో మీరే ఊహించుకోండి.

అద్దంకి నుంచి:
మాస్టారూ, ఇదంతా రాయల చేతిలో ఓడిన ఒడిశా గజపతుల కుట్ర కదా? సినిమాల్లో అట్టానే చూపిస్తారు.

కందుకూరు నుంచి:
సినిమాకి ఒక విలన్ కావాలి నాయనా. ఓడిపోయినవాళ్ళకి పగ ఉంటుంది, కాదనను. పగ ఉన్నవాడే చేశాడనడానికి అది చాలదు.

ఉదయగిరి నుంచి:
మాస్టారూ, మీరు "తెలిసింది" అని నొక్కి రాశారు చూడండి, అక్కడ నాకు లైటు వెలిగింది. నేను మందు పట్టుకుని వేలాడుతున్నాను, అసలు సంగతి "అంట"లో ఉంది. "మందు పెట్టారు" అంటే చెప్పేవాడి పూచీ. "పెట్టారట" అన్నా, మా వైపు "పెట్టారంట" అన్నా, నాకు పూచీ లేదు, నలుగురూ అనుకునేది చెప్తున్నా అని. పోర్చుగీసువాడి భాషలో ఇంత చిన్న తోక ఉండదు. ఎవరో "అంట" అని చెప్పింది అతని కాగితం మీద "తెలిసింది" అయిపోయి ఉంటుంది. రాజు చెవిలో పడ్డప్పుడే ఆ తోక తెగిపోయిందేమో కూడా.

నెల్లూరు నుంచి:
బాగా పట్టారు. దీనికి తోడు ఇంకో మాట చూడండి. పాఠ్యపుస్తకాలు ఈ కథని "తిమ్మరుసుపై *అనుమానంతో*" అని రాస్తాయి. అనుమానం సంస్కృతంలో ప్రమాణం! పొగని చూసి నిప్పుని నిరూపించడం. తర్కం చదివినవాళ్ళకి అది ప్రత్యక్షం తర్వాత అంత గట్టిది. మన దగ్గరికొచ్చేసరికి పొగ లేకుండా నిప్పుందనుకోవడం అయింది. ఆ కొలువులో రెండు భాషలూ వచ్చిన పండితులు ఉన్నారు. రాజుగారూ, మీది ఏ అనుమానం అని అడిగినవాడు మాత్రం లేడు.

వింజమూరు నుంచి:
అడిగితే వాళ్ళ కళ్ళు కూడా పోయేవేమో అండీ.

ఉదయగిరి నుంచి:
నిన్న రాత్రి జేజికి ఫోన్ చేశా. "జేజీ, ఆ కథలో అంట తీసేసి ఒకసారి చెప్పు" అన్నా. అర్థం కాలేదు. "మందు పెట్టారు, అని చెప్పు" అన్నా. కాసేపు ఆగింది. "నేనేమన్నా చూసినానా, అట్టా చెప్పేదానికి?" అని కసిరి ఫోన్ పెట్టేసింది.