అప్‌డేట్: కదిరి వైపు సోలార్ ప్లాంట్ స్థలం మ్యాప్ దారికొచ్చింది

పోయిన నెల ఇక్కడ అడిగాను, గుర్తుందా? శ్రీసత్యసాయి జిల్లా కదిరి చుట్టుపక్కల సోలార్ ప్లాంటుకు పనికొచ్చే భూమిని క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో వెతుకుతుంటే, వాలు మ్యాపు మొత్తం 89 డిగ్రీలు చూపిస్తోందని. ఊళ్లన్నీ నిలువు గోడల మీద ఉన్నట్టు! తప్పు నాదే. ఎత్తు మీటర్లలో, నేల మీది దూరాలు మాత్రం అక్షాంశ రేఖాంశాల డిగ్రీల్లో ఉన్నాయి. మీరు చెప్పినట్టే నేల మీది దూరాలనూ మీటర్లలో కొలిచే యూటీఎమ్ పద్ధతిలో, ఈ ప్రాంతానికి సరిపడే 44 ఉత్తర జోన్‌లోకి మార్చి మళ్లీ లెక్కకట్టాను. మైదానాలు మైదానాల్లాగే కనిపించాయి. వాలు 5 శాతం లోపున్న చోట్లు, దక్షిణానికి వాలిన నేల, సబ్‌స్టేషన్‌కు దూరం, అన్నీ కలిపి ఒక పెద్ద ముక్క తేలింది.

ఆనందంగా చూడ్డానికి వెళ్లాను. మ్యాపులో బంజరు అని ఉన్నచోట కాలికింద ఎండిన వేరుశనగ తీగలు! నేను వాడింది ఏప్రిల్ శాటిలైట్ చిత్రం, అప్పటికి పంట తీసేసి ఉంటారు. సెప్టెంబరులో సెంటినెల్-2 శాటిలైట్ తీసిన చిత్రం పెట్టి చూస్తే అదంతా పచ్చగా ఉంది. మిగిలిన బీడులోనూ సగం గొర్రెలు మేసే చోటే, మధ్యలో వాన పడితే పారే వంక ఒకటి. నేల మీద 30 మీటర్లకు ఒక్క ఎత్తు చొప్పున ఇచ్చే డేటాలో అది కనపడనే లేదు.

అందుకని ఇప్పుడు పంట భూములు, వంకలకు అటూ ఇటూ కొంత మేర తీసేసి మళ్లీ చేస్తున్నాను. స్థలం బాగా తగ్గిపోయింది, అయినా ఈసారి మ్యాపు మీద నమ్మకం కుదిరింది. జోన్ సంగతి పట్టి చెప్పినవారికి చాలా థ్యాంక్స్ అండీ.